మంచం పక్కన పుట్టిన ఆసుపత్రులు

కరెంటు పోతే తప్ప కనబడని పేర్లు కొన్నుంటాయి. ఊరి బడిలోనో, రామాలయం మండపంలోనో, ఆరోగ్య కేంద్రం వరండాలోనో తిరిగే సీలింగు ఫ్యాను రెక్కల మీద ఎర్ర రంగుతో రాయించిన పేర్లవి. ఒక రెక్క మీద ‘కీ.శే.’తో మొదలుపెట్టి ఇంటిపేరుతో సహా పోయినవారి పేరు, రెండో రెక్క మీద ‘జ్ఞాపకార్థం’, మూడో రెక్క మీద ఇచ్చిన కొడుకుదో కోడలిదో పేరు. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ అక్కడో ఎర్రటి గీత గిర్రుమంటున్నట్టే ఉంటుంది. అది ఆగిందా, కింద కూర్చున్నవాళ్లు కండువాతో విసురుకుంటూ తల పైకెత్తి తీరిగ్గా చదువుతారు. ‘ఫలానావాళ్ల అమ్మే కదూ, మూడు నాలుగేళ్లు మంచాన పడి పోయింది’ అని ఎవరో ఒకరు అంటారు. ఆ పేరు రాయించిన పని ఆ కాసేపట్లో నెరవేరుతుంది.

పోయినవారిని తలచుకునే పద్ధతులకు తెలుగిళ్లలో కొదవ లేదు. చిన్నదినం, పెద్దకర్మ, మాసికాలు, సంవత్సరీకం, ఆ తర్వాత ఏటేటా తద్దినం. క్రైస్తవుల ఇళ్లలో జ్ఞాపకార్థ కూడిక, ముస్లింల ఇళ్లలో నలభయ్యోనాటి ఫాతిహా. ఇవన్నీ ఇంటివాళ్లూ చుట్టపక్కాలూ కలిసి చేసుకునేవి. ‘జ్ఞాపకార్థం’ మాత్రం గడప దాటి వీధిలోకి వచ్చిన పద్ధతి. ముక్కూమొహం తెలియనివాళ్ల నోట కూడా ఆ పేరు పలికించాలన్న తాపత్రయం అందులో ఉంది.

ఆ తాపత్రయం పాతదే. తెలుగు శాసనాలు తిరగేస్తే తల్లికి పుణ్యంగా, తండ్రికి పుణ్యంగా, అన్నకు పుణ్యంగా అంటూ చెరువు తవ్వించినవారూ, గుడిలో అఖండదీపానికి ఆవులనో గొర్రెలనో ఇచ్చినవారూ అడుగడుగునా తగులుతారు. మనిషి పోయాక పేరు నిలిపేవాటిని పెద్దలు సప్తసంతానాలని లెక్కగట్టారు: కొడుకు, చెరువు, గుడి, తోట, అగ్రహారం, నిక్షేపం, కావ్యం. ఏడింటిలో ఆసుపత్రి లేదు. అలాగని మనవాళ్లకు ఆసుపత్రి తెలియకపోలేదు. 1261 నాటి మల్కాపురం శాసనం కాకతి రుద్రమదేవి ఇచ్చిన మందడం, వెలగపూడి ఊళ్ల గురించి చెబుతూ, అక్కడి శైవమఠానికి అనుబంధంగా ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడవాలని ఏర్పాటు చేసింది. ఇప్పుడు ఆ ఊళ్లు అమరావతి రాజధాని ప్రాంతంలో ఉన్నాయి. కాకపోతే అది గురువుకూ మఠానికీ ఇచ్చిన దానం. జబ్బుపడి పోయిన ఒక మనిషి తలపుగా ఆసుపత్రి కట్టించడమన్న వాడుక బలపడింది ఈ నూటపాతికేళ్లలోనే.

చిత్తూరులో బస్సెక్కితే గంటకల్లా చేరే వేలూరులో దీనికొక తొలి గుర్తుంది. 1902లో అక్కడ నలభై మంచాలతో తెరిచిన ఆడవాళ్ల ఆసుపత్రికి మేరీ టేబర్ షెల్ పేరు పెట్టారు. న్యూయార్కు బ్యాంకరు రాబర్ట్ షెల్ చనిపోయిన తన భార్య గుర్తుగా పదివేల డాలర్లిచ్చాడు, డాక్టర్ ఐడా స్కడర్ ఆ డబ్బుతో కట్టించింది. ఇప్పుడది కంటి ఆసుపత్రి. మేరీ ఎవరో తెలియకుండానే చిత్తూరు జిల్లా అవ్వలూ తాతలూ అక్కడ శుక్లాలు తీయించుకుని వస్తుంటారు.

అయితే దీర్ఘరోగం ఇంటిని ఎలా మారుస్తుందో, ఆ మార్పులోంచి ఆసుపత్రి ఎలా పుడుతుందో చూడాలంటే బొంబాయి వెళ్లాలి.

మెహెర్‌బాయి మైసూరు రాజ్యంలో విద్యాశాఖ పెద్దగా పనిచేసిన భాభా గారి కూతురు. జంషెడ్జీ టాటా పెద్దకొడుకు దొరాబ్జీతో 1898లో పెళ్లయింది. పార్సీ పద్ధతిలో చీర కట్టుకునే టెన్నిస్ ఆడేది, 1924 పారిస్ ఒలింపిక్స్‌లో కూడా ఆడింది. దొరాబ్జీ ఆమె కోసం కొన్న జూబిలీ వజ్రం బరువు 245 క్యారెట్లు, అంటే ఇప్పుడున్న కోహినూరుకు రెట్టింపు పైనే. 1924లో జంషెడ్‌పూరు ఉక్కు కంపెనీ జీతాలకు కూడా కటకటపడే స్థితికి వస్తే, దొరాబ్జీ తన సొంత ఆస్తితోపాటు ఆ వజ్రాన్ని కూడా ఇంపీరియల్ బ్యాంకులో తాకట్టు పెట్టాడు. కంపెనీ గట్టెక్కింది. వజ్రం ఇంటికి తిరిగొచ్చింది.

అలాంటి ఇంట్లో కూడా మెహెర్‌బాయికి వచ్చిన లుకేమియాకు మందు లేదు. ఆ రోజుల్లో ఆ జబ్బుకు వైద్యులు చేయగలిగింది ఎక్స్‌రే కిరణాలు పెట్టడం, పాషాణం కలిసిన ద్రావకం తాగించడం. రెండూ కొన్నాళ్లు జబ్బును ఆపేవే తప్ప తగ్గించేవి కావు. మెహెర్‌బాయి 1931 జూన్ 18న ఇంగ్లండు పక్కనున్న వేల్స్‌లో, రుథిన్ అనే ఊళ్లోని నర్సింగ్‌హోంలో కన్నుమూసింది. ఆమెను లండన్‌కు దగ్గరలోని బ్రూక్‌వుడ్ శ్మశానంలో ఖననం చేశారు. దంపతులకు పిల్లల్లేరు.

దొరాబ్జీ బతికింది ఇంకొక్క ఏడాది, అదీ నిండలేదు. 1932 ఏప్రిల్‌లో ఆయన పెట్టిన లేడీ టాటా మెమోరియల్ ట్రస్టు చూస్తే, మంచం పక్కన కూర్చున్న మనిషి ఏం ఆలోచించాడో తెలిసిపోతుంది. విగ్రహం కాదు, పార్కు కాదు. ఆ ట్రస్టు రాబడి ప్రపంచంలో ఏ మూలనైనా సరే లుకేమియా మీద, రక్తానికి వచ్చే జబ్బుల మీద పరిశోధన చేసేవాళ్లకు వెళ్లాలి. తన భార్యను తీసుకుపోయింది ఏదో దాన్ని పేరుపెట్టి మరీ పట్టుకున్నాడు. ఆ రోజుల్లోనే తన మిగతా ఆస్తినంతా ఇంకో ట్రస్టుకు రాసి, భార్య సమాధి దగ్గర తొలి సంవత్సరీకానికి ఉండాలని యూరపు బయల్దేరాడు. దారిలో జర్మనీలోని బాడ్ కిసింజెన్‌లో జూన్ 3న గుండె ఆగి పోయాడు. సంవత్సరీకానికి ఇంకా పదిహేను రోజులుంది. ఆయన్నీ బ్రూక్‌వుడ్‌లోనే భార్య పక్కన ఉంచారు. తర్వాత జూబిలీ వజ్రాన్ని అమ్మితే వచ్చిన సొమ్ము ఆయన ట్రస్టుకే చేరింది.

బొంబాయిలో రేడియం వైద్యానికి ఒక సంస్థ ఉండాలన్న దొరాబ్జీ ఆలోచనను ఆయన తర్వాత టాటా సంస్థల పగ్గాలు పట్టిన నౌరోజీ సక్లత్‌వాలా ముందుకు నడిపాడు. ఆయన 1938లో పోతే జేఆర్‌డీ టాటా పూర్తిచేశాడు. 1941 ఫిబ్రవరి 28న పరేల్‌లో టాటా మెమోరియల్ ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. అప్పటికి 80 పడకలు.

సరిగ్గా అదే రోజు, అలహాబాదులో గాంధీజీ ఇంకో ఆసుపత్రిని తెరిచారు. అదీ ఓ భార్య పేరే. అయిదేళ్ల కిందట ఫిబ్రవరి 28నే స్విట్జర్లాండులోని లోజాన్‌లో కన్నుమూసిన కమలా నెహ్రూ పేరు. ఒకే దేశం, ఒకే తేదీ, జబ్బు తినేసిన ఇద్దరు ఆడవాళ్ల తలపులో రెండు ఆసుపత్రులు. ఎవరూ కూడబలుక్కుని చేసింది కాదు.

కమలది క్షయ. దాదాపు పదేళ్లపాటు ఆమెతో కలిసి కాపురం చేసింది ఆ జబ్బే అనాలి, ఎందుకంటే భర్త ఎక్కువభాగం జైల్లో ఉన్నాడు. 1926లో వైద్యం కోసం యూరపు తీసుకెళ్లారు, కొంత కోలుకుంది. 1934లో మళ్లీ తిరగబెట్టినప్పుడు ప్రభుత్వం నెహ్రూను పదకొండు రోజులు బయటికి వదిలి మళ్లీ లోపల పెట్టింది. కమలను హిమాలయాల పాదాన ఉన్న భువాలీ శానిటోరియంలో చేర్చారు, ఆయన్ని దానికి దగ్గరగా అల్మోరా జైలుకు మార్చారు. 1935 సెప్టెంబరులో ఆమె జర్మనీలోని బాడెన్‌వైలర్‌లో ప్రాణం మీదికి తెచ్చుకున్నాక గానీ ఆయనకు పూర్తి విడుదల దొరకలేదు. అస్థికలతో విమానంలో తిరిగొస్తూ బాగ్దాద్‌లో ఆగినప్పుడు ఆయన లండన్‌లోని ప్రచురణకర్తకు టెలిగ్రాం కొట్టాడు. అచ్చులో ఉన్న తన ఆత్మకథను ఇక లేని కమలకు అంకితమిస్తున్నట్టు.

పుస్తకం అంకితం నెహ్రూది. ఆసుపత్రి ఆలోచన మాత్రం ఒక రకంగా కమలదే. ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో, 1931 ప్రాంతంలో, స్వరాజ్ భవన్‌లో గాయపడ్డ సత్యాగ్రహులకూ చుట్టుపక్కల పేదలకూ వైద్యం చేసే చిన్న దవాఖానా నడిపింది ఆమె. అది నిలవాలన్న ఆమె కోరికను గాంధీజీ గుర్తుపెట్టుకున్నారు. 1939 నవంబరు 19న శంకుస్థాపన చేసిందీ ఆయనే. కమల పోయింది క్షయతో, కట్టింది ఆడవాళ్ల ఆసుపత్రి. ఆమెను చంపిన జబ్బును కాకుండా ఆమె చేతిలో ఉన్న పనిని ఎంచుకున్నారు. దొరాబ్జీ దారీ ఈ దారీ ఒకటి కాదు. పోయినమనిషి గురించి ఏది గుర్తుపెట్టుకోవాలన్న ప్రశ్నకు ఇవి రెండు వేర్వేరు జవాబులు. ఈ వ్యాసకర్తకు రెండోదే కొంచెం ఎక్కువ నచ్చుతుంది.

క్షయ మాట వచ్చింది కాబట్టి మదనపల్లె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఊరికి కాస్త దూరంలో, రెండువేల అడుగులు దాటిన ఎత్తులో, డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో పలు క్రైస్తవ మిషన్లు కలిసి నెలకొల్పిన శానిటోరియం 1915 నుంచి అక్కడ నడుస్తోంది. చోటికే ఆరోగ్యవరమని పేరు పెట్టారు. స్ట్రెప్టోమైసిన్ రాకముందు వైద్యమంటే విశ్రాంతి, మంచి తిండి, తెరిచిన వరండాల్లో చల్లగాలి, వారం వారం బరువు తూచుకోవడం. కొందరికి ఛాతీలోకి గాలి ఎక్కించి జబ్బుపడ్డ ఊపిరితిత్తిని కదలకుండా అణచి ఉంచేవాళ్లు. 1948లో దేశంలో బీసీజీ టీకా పని మొదలైందీ మదనపల్లెలోనే.

అదే మదనపల్లెలో 1895లో పుట్టాడు జిడ్డు కృష్ణమూర్తి. మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు నిత్యానందకు క్షయ సోకింది. పొడి గాలి మంచిదని కాలిఫోర్నియాలోని ఓహై లోయకు తీసుకెళ్లారు. సొంత ఊరి పొలిమేరలో దేశమంతా ఎరిగిన క్షయ ఆసుపత్రి నడుస్తుండగా ఆ కుర్రాడు 1925 నవంబరు 13న ఇరవయ్యేడేళ్లకు ఓహైలో పోయాడు. అన్న అప్పుడు భారతదేశానికి వస్తున్న ఓడలో ఉన్నాడు. సూయజ్ కాలువ దగ్గర టెలిగ్రాం అందింది. నిత్య బతుకుతాడని గురువులు ఇచ్చిన హామీలన్నీ ఆ కాగితంతో కూలాయి. నాలుగేళ్లకు కృష్ణమూర్తి, తనను లోకగురువుగా నిలపడానికి వాళ్లు కట్టిన సంఘాన్నే రద్దు చేశాడు. ఆ రద్దులో తమ్ముడి చావుకు వాటా ఉందని ఆయన జీవితచరిత్రలు రాసినవాళ్లు చెబుతారు. కట్టడమే కాదు, కూల్చడం కూడా ఒక్కోసారి జ్ఞాపకార్థమే.

మళ్లీ క్యాన్సర్‌కు వద్దాం. మన పెద్దవాళ్లు దాన్ని రాచపుండు అనేవారు. పేరు పలకడానికి కూడా జంకి, ‘ఆ జబ్బు’ అని ఊరుకునేవాళ్లే ఎక్కువ. వైద్యులు కూడా దాన్ని పోల్చుకోలేని రోజులవి. 1912లో మద్రాసు వైద్య కళాశాల నుంచి పట్టా పుచ్చుకున్న ముత్తులక్ష్మి రెడ్డి సొంత చెల్లెలికే అలా జరిగింది. రక్తవిరేచనాలని మందులిస్తూ వచ్చారు. అది పెద్దపేగు చివర వచ్చిన క్యాన్సరని తేలేసరికి చేయిదాటింది. 1923లో చెల్లెలు పోయింది. ఇంట్లో డాక్టరు ఉండి కూడా కాపాడుకోలేకపోయిన ఆ బాధ ముత్తులక్ష్మిని మూడు దశాబ్దాలు వదల్లేదు. శాసనమండలిలో దేవదాసీ వ్యవస్థ మీద పోరాడుతున్నా, అనాథ ఆడపిల్లలకు అవ్వై ఇల్లం నడుపుతున్నా, మద్రాసులో క్యాన్సర్‌కు వేరే ఆసుపత్రి ఉండాలని అడుగుతూనే వచ్చింది. ఆ జబ్బు వస్తే ఎలాగూ పోయేదే, దానికో ఆసుపత్రి ఎందుకన్న జవాబు పాలకుల నుంచే వినాల్సి వచ్చింది. చివరికి 1952లో నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1954లో అడయార్‌లో పన్నెండు మంచాలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. భార్యను క్షయకు పోగొట్టుకున్నాక ఆమె పేర ఆసుపత్రి వెలవడం చూసిన ప్రధాని, చెల్లెల్ని క్యాన్సర్‌కు పోగొట్టుకున్న డాక్టరు ఒకే వేదిక మీద నిలబడ్డది ఆ శంకుస్థాపన రోజునే.

అడయార్ గేటు మీద ఆ చెల్లెలి పేరు లేదు. నెల్లూరు, చిత్తూరు, ప్రకాశం జిల్లాల నుంచి తరతరాలుగా అక్కడికి వెళ్లొస్తున్న తెలుగువాళ్లలో ఆమె సంగతి తెలిసినవారు తక్కువ.

పేరు విషయంలో హైదరాబాదుదో చిత్రమైన ఉదాహరణ. ఏడో నిజాం కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసే రఫత్ అనే పరిచారిక 1949లో కాన్పు కష్టమై చనిపోయింది. ఇంకో తల్లికి ఈ గతి పట్టకూడదని నీలోఫర్ పట్టుబట్టడం వల్ల రెడ్‌హిల్స్‌లో తల్లీపిల్లల ఆసుపత్రి వెలిసింది. ఆసుపత్రికి రఫత్ పేరు పెట్టలేదు, రాకుమారి పేరు పెట్టారు. ఇది దీర్ఘరోగం కథ కాదు గానీ, ఎవరి చావు ఎవరి పేరుతో నిలుస్తుందన్న లెక్క ఇక్కడ తేటతెల్లంగా కనబడుతుంది.

తెలుగునాట ఈ కథలన్నింటికీ పెద్దది బసవతారకం గారిది. ఎన్.టి. రామారావు 1942లో పెళ్లాడిన మేనమామ కూతురామె. ఆయన సినిమాల్లో దేవుడైనా, ఎన్నికల్లో గెలిచి ముఖ్యమంత్రి అయినా ఆమె కెమెరా ముందుకు వచ్చింది తక్కువ. 1985లో, ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లోనే, క్యాన్సర్‌తో పోయింది. అంతకుముందు 1962లో పెద్దకొడుకు రామకృష్ణ చనిపోయాక ఎన్టీఆర్ ఆ పేరుతో సినిమా స్టూడియో కట్టాడు. కొడుకు పేర స్టూడియో, భార్య పేర ఆసుపత్రి. ఒకటి తండ్రికి తెలిసిన పనిలోంచి వచ్చింది, రెండోది భర్తకు కొత్తగా తెలిసివచ్చిన లోటులోంచి.

1988లో ట్రస్టు పెట్టారు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు వైద్యులు చేయందించారు. కృష్ణా జిల్లా మంటాడలో పుట్టి న్యూయార్కులో క్యాన్సర్ వైద్యుడిగా పేరు తెచ్చుకున్న నోరి దత్తాత్రేయుడు వారిలో ముఖ్యుడు. సంస్థ పేరులో ఇండో అమెరికన్ అన్న మాట అందుకే. బంజారాహిల్స్‌లో ఆసుపత్రిని 2000 జూన్ 22న ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఎన్టీఆర్ పోయి అప్పటికి నాలుగేళ్లు దాటింది. దొరాబ్జీలాగే ఆయనా తాను తలపెట్టిన తలుపు తెరుచుకోవడం చూడలేదు.

వజ్రం తాకట్టు పెట్టిన ఇంటి కథ తెలుగు గడ్డ మీదికి ఇంకో దారిన కూడా వచ్చింది. మెహెర్‌బాయి మేనల్లుడు హోమీ భాభా. అత్త వేల్స్‌లో చనిపోయిన నాటికి ఆయన కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటున్నాడు. తర్వాత ఆయన నడిపిన అణుశక్తి విభాగం కిందికే 1962లో టాటా మెమోరియల్ వచ్చింది, రేడియేషన్ వైద్యానికి అణుశాస్త్రంతో బంధుత్వం ఉంది మరి. ఆ సంస్థ శాఖ ఇప్పుడు విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో హోమీ భాభా పేరుతోనే క్యాన్సర్ ఆసుపత్రి నడుపుతోంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు బొంబాయి రైలెక్కి, ఆసుపత్రి బయట ఫుట్‌పాత్ మీదో దాదర్‌లోని గాడ్గే మహరాజ్ ధర్మశాలలోనో నెలలు గడిపే అవస్థ కొంత తగ్గింది.

ఇన్ని పేర్లు నిలిచాక వాటికో కొత్త పని పడింది, కట్టించినవాళ్లు ఊహించనిది. పిచ్చాసుపత్రి వల్ల ఎర్రగడ్డ అంటే హైదరాబాదులో ఊరి పేరు కాకుండా పోయినట్టే, ‘టాటాలో చూపిస్తున్నాం’ అన్నా, ‘అడయార్ తీసుకెళ్లాం’ అన్నా, ‘బసవతారకంలో చేర్చారట’ అన్నా ఇక జబ్బు పేరు అడగక్కర్లేదు. నోటికి రాని మాటకు బదులుగా జనం ఆ పేర్లు పెట్టుకున్నారు. సిగ్గరి ఇల్లాలిగా బతికిన ఓ మనిషి పేరు ఇలా వేలమంది నోళ్లలో రోజూ గొంతు తగ్గించి పలికే మాటైంది.

సికింద్రాబాదు స్టేషను బయట తెల్లవారుజామున ఆటోలు వరసగా నిలబడతాయి. రైలు దిగి వచ్చిన ఓ ముసలాయన చంకలో పెద్ద గోధుమరంగు కవరు, వెనకాల తలకు గుడ్డ చుట్టుకుని అడుగులో అడుగేస్తూ నడిచే భార్య. డ్రైవరు కవరు వైపు చూస్తాడు, ఆమె తల వైపు చూస్తాడు. బీడీ పక్కన పడేసి, ‘బసవతారకమేనా, పెద్దాయనా?’ అంటాడు. పెద్దాయన అవుననీ కాదనీ అనకుండా ముందు ఆమెను ఎక్కించి, కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు.